గెడ్డలో వదలకుండా వెనక్కి తెచ్చిన చేపలు: ఒక కేస్ స్టడీ

పాడేరు వైపు ఒక గూడెం. ఊరి పేరు రాయడం లేదు. పట్టుమని నలభై గడపలు ఉండవు. పక్కనే కొండ మీంచి దిగే గెడ్డ. కొన్నేళ్ల కిందటి మాట ఇది. వానలు తగ్గుముఖం పట్టాక జ్వరాలు మొదలయ్యాయి. పరీక్ష కిట్లలో ఫాల్సిపేరమ్ (ప్రాణాల మీదికి తెచ్చే మలేరియా రకం) గీత పడ్డ ఇళ్లు వరసగా వస్తుంటే పై ఆఫీసు నుంచి ఫోన్: "గెడ్డలో గంబూసియా వదిలెయ్యండి. ఫొటోలు గ్రూపులో పెట్టండి."

నేను మలేరియా విభాగంలో బయాలజిస్టుని. ఈ చేపల్ని పెంచే తొట్లు కూడా కొన్నాళ్లు నా చేతి కిందే ఉండేవి. ఆక్సిజన్ నింపిన పాలిథీన్ సంచుల్లో చేపలు సర్దుకుని పొద్దున్నే జీపులో బయల్దేరాం. మర్నాడు తిరిగొచ్చేటప్పుడు కూడా ఆ సంచులు జీపులోనే ఉన్నాయి. ఎందుకలా తిరిగొచ్చాయో అప్పట్లో ఫైల్లో రెండు వాక్యాలు రాశాను. ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు చేప గురించి. గంబూసియా అంటే దోమ పిల్లల్ని తినే చిన్న చేప. దాని మీద నాకు కోపం ఏమీ లేదు. మూత లేని పాత బావిలో, వాడని సిమెంటు తొట్టిలో, ఫౌంటెన్ గుంటలో దీన్ని మించిన పనిమంతురాలు దొరకదు. నోరు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి నీటి పైపొరలోనే మేస్తుంది. మలేరియా దోమ అనాఫిలిస్ లార్వా (నీళ్లలో పెరిగే దోమ పిల్ల) నీటి మట్టానికి సమాంతరంగా, అప్పడంలా పడుకుని ఉంటుంది కదా, దీనికి వడ్డించినట్టే. పెద్ద చేప రోజుకు 100 నుంచి 300 లార్వాలు తింటుందని మా శిక్షణలో చెబుతారు. తొట్టిలో వేరే తిండి లేనప్పటి లెక్క అది. ఈ మాట మాత్రం ఎవరూ విడమర్చి చెప్పరు.

సొంత ఊరు అమెరికాలో గల్ఫ్ తీరం, టెక్సస్ చుట్టుపక్కల. 1905లో హవాయికి, 1921లో స్పెయిన్‌కి, అక్కడి నుంచి ఇటలీకి, 1928లో మన దేశానికి వచ్చింది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. నాలుగు వారాలకు అటూ ఇటూగా ఒక కాన్పు, కాన్పుకు డజన్ల కొద్దీ పిల్లలు. ఆడచేప మగచేప బీజాన్ని నెలల తరబడి కడుపులో దాచుకోగలదు. అంటే ఒక్క సూడిచేప చాలు, ఒక మడుగు నిండిపోవడానికి. మురుగైనా బతుకుతుంది, వేడెక్కిన నీళ్లయినా బతుకుతుంది. దోమల శాఖకు దీని మీద మోజు పుట్టింది ఈ మొండితనం చూసే. బయటి నీళ్లలో పడ్డాక తలనొప్పి తెచ్చిపెట్టేదీ ఈ మొండితనమే.

సరే, గెడ్డ సంగతి.

ఆఫీసులో కూర్చుని గెడ్డలో చేపలేయమనడం మరీ తెలివితక్కువ మాటేమీ కాదు. తూర్పు కనుమల్లో మలేరియా మోసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. పేరులోనే పారే నీరు ఉంది. ఇది మురుక్కాలవలో పుట్టదు. నెమ్మదిగా కదిలే తేటనీళ్లలో, గెడ్డ ఒడ్డున, ఊటనీరు ఓరగా పారే చోట గుడ్లు పెడుతుంది. కాబట్టి దోమ పుడుతున్నది గెడ్డలోనే. మరి చేప కూడా గెడ్డలోనే ఉండాలి కదా? కాగితం మీద లెక్క సరిపోయింది.

డిప్పర్ (లార్వాల కోసం నీళ్లు ముంచి చూసే గరిటె) పట్టుకుని ఒడ్డు వెంట నడిస్తే ఆ లెక్క తప్పడం మొదలైంది. లార్వాలు దొరికినవి గడ్డి వేళ్ల మధ్య, ఎండాకులు అడ్డుపడి నీరు వేలెడు లోతు కూడా లేని చోట, పొలం గట్టు కింద ఊట చెమర్చే గిట్టల గుంతల్లో. మడుగు నడిమధ్య ముంచితే డిప్పర్‌లో ఒక్కటీ లేదు. అక్కడ అప్పటికే చిన్న పరిగెలు తిరుగుతున్నాయి. చేపలున్న చోట లార్వా లేదు, లార్వా ఉన్న చోటికి ఏ చేపా పోలేదు. మేం తెచ్చిన చేపలు కొత్తగా చేసే పని ఆ మడుగులో ఏముంది?

ఆ ఒడ్డునే తోకకప్పలు కనిపించాయి. నల్లగా, గుంపుగా కదిలేవి గోదురుకప్ప పిల్లలు, చూడగానే పోల్చుకోవచ్చు. ఇంకో రకం ఇసుక రంగులో, రాళ్ల పక్కన కదలకుండా ఉన్నాయి. కాలు పెడితే గానీ ఉన్నాయని తెలియలేదు. ఒడ్డు మీంచి పెద్ద కప్పలు నీటి మీద గెంతుకుంటూ అవతలికి పోతున్నాయి. అప్పటిదాకా నా సర్వే ఫారంలో కప్పకు గడి లేదు. లార్వా ఉందా లేదా, అంతే రాసేవాణ్ణి.

మాతో వచ్చిన ఆశా వర్కర్ అడిగింది: "సార్, ఇందాకే వేసేసుంటే ఈ పాటికి పనైపోయేది గదా? చీకటి పడితే రోడ్డు బాగోదు."

"ఉండమ్మా, రేపు పొద్దున్న చూద్దాం" అన్నాను.

పక్కన నిలబడ్డ పెద్దాయన సంచిలోకి తొంగిచూసి, "ఇవి పెద్దవైతే కూరకి పనికొస్తాయా బాబూ?" అన్నాడు. ఇంతకంటే పెద్దవి కావు తాతా అని రెండు వేళ్లు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆడది ఏడు సెంటీమీటర్లు దాటదు, మగది ఇంకా చిన్నది. ఆయనకు ఆసక్తి అక్కడితో పోయింది. కూరకు రాని చేపని ఇంత దూరం జీపులో మోసుకురావడం ఆయనకు వింతగానే తోచి ఉండాలి.

ఆ రాత్రి పాఠశాల వరండాలో రెండు బకెట్లు పెట్టాం. రెండింట్లోనూ గెడ్డ నీళ్లు, రెండు రకాల తోకకప్పలు, డిప్పర్‌లో పట్టిన లార్వాలు. ఒక బకెట్‌లో నాలుగు గంబూసియాలు కూడా వేశాం. ఇది ప్రయోగం అని చెప్పుకోను. బకెట్‌లో దాక్కోవడానికి రాయి లేదు, నాచు లేదు. ఒక్క రాత్రి, ఒక్క బకెట్. తెల్లారి చూస్తే చేపలున్న బకెట్‌లో లార్వాలు లేవు. అది అనుకున్నదే. ఇసుక రంగు పిల్లల్లో చిన్నవి కనబడలేదు. పెద్దవి బతికే ఉన్నాయిగానీ తోకల చివర్లు ఎలుక కొరికిన కాగితంలా ఉన్నాయి. నల్లవాటి జోలికి పెద్దగా పోలేదు. గోదురుకప్ప పిల్లల ఒంట్లో చేదు ఉంటుంది, చాలా చేపలు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. చేపల్లేని బకెట్‌లో అన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

బకెట్ చూసి నిర్ణయం తీసుకున్నానంటే అది సగం నిజమే. చదివింది గుర్తురావడం మిగతా సగం.

లాస్ ఏంజెలిస్ పక్కన, సముద్రాన్ని ఆనుకుని శాంటా మోనికా కొండలున్నాయి. అక్కడి వాగుల్లో కాలిఫోర్నియా న్యూట్ అనే ఉభయచరం ఉంటుంది. చూడ్డానికి బల్లి ఆకారం, తడి చర్మం, కింద నారింజ రంగు పొట్ట. బతికేది నేల మీదైనా చలికాలం, వసంతాల్లో వాగులోకి దిగి గుడ్లు పెడుతుంది. దీని ఒంట్లో ఉండే విషం టెట్రోడోటాక్సిన్, బుడగచేపలో ఉండేదే. గుడ్లలోనూ కొంత ఉంటుంది. ఇంత విషం ఉన్న జంతువుకి రెండంగుళాల చేప వల్ల ఏమవుతుందిలే అనిపిస్తుంది.

1981 నుంచి 1986 మధ్య ఆ కొండల్లో న్యూట్లు ఉన్నాయని నమోదైన పది వాగుల్ని 1994లో మళ్లీ వెతికారు. పెప్పర్‌డైన్ యూనివర్సిటీకి చెందిన సేథ్ గామ్రాట్, లీ కాట్స్ చేసిన పని ఇది. మూడు వాగుల్లో న్యూట్ ఆనవాలే లేదు. ఆ మూడింటిలో గంబూసియా గానీ, క్రేఫిష్ అనే డెక్కల రొయ్య గానీ, రెండూ గానీ ఉన్నాయి. రెండూ బయటి నుంచి వచ్చినవే. గంబూసియా కాలిఫోర్నియాలో అడుగుపెట్టింది 1922లో. అక్కడా తెచ్చింది దోమల కోసమే.

ఇవి ఉన్న చోట న్యూట్లు లేవు, ఇవి లేని చోట ఉన్నాయి అన్నంత మాత్రాన నేరం రుజువు కాదు. నీళ్లు పాడై ఉండొచ్చు, ఇళ్లు కట్టి ఉండొచ్చు. అందుకే వాళ్లు ప్రయోగశాలలోనూ, వాగులోనూ కలిపి పెట్టి చూశారు. క్రేఫిష్ గుడ్ల ముద్దల్నే తినేసింది, విషం ఉన్నా సరే. గుడ్డులోంచి బయటపడిన పిల్లల్ని క్రేఫిష్ తిన్నది, గంబూసియా కూడా తిన్నది. పెద్ద న్యూట్ దగ్గరున్న విషం పిల్లను కాపాడలేకపోయింది. ఏ జంతువుకైనా అంతే కదా, దెబ్బ తగిలేది పసితనంలో. నేలమీద తిరిగే పెద్ద న్యూట్లు ఇంకా కొన్నాళ్లు కనిపిస్తూనే ఉంటాయి, బాగానే ఉన్నాయనుకుంటాం. తర్వాతి తరం మాత్రం రాదు.

మా శాఖ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఆగి చదవాల్సింది తర్వాతి ముక్క. 1999లో జాయ్ గుడ్‌సెల్, కాట్స్ ఇంకో ప్రశ్న వేసుకున్నారు: దోమ లార్వాలు కావలసినన్ని ఉంటే గంబూసియా తోకకప్పల్ని వదిలేస్తుందా? మేం మీటింగుల్లో చెప్పే జవాబు అదే, "దానికిష్టమైన తిండి దొరుకుతుంటే కప్పల జోలికి ఎందుకెళ్తుంది" అని. వాళ్లు పసిఫిక్ చెట్టుకప్ప పిల్లలతో చేసి చూశారు. లార్వాలు దండిగా పెట్టినా తోకకప్పల్ని తినడం ఆపలేదు. వాగుల్లో పట్టిన చేపల పొట్టలు కోసి చూస్తే వాటిలోనూ తోకకప్పలు కనబడ్డాయి.

అన్ని కప్పల విషయంలోనూ ఒకేలా జరగదు, అదీ చెప్పాలి. అదే ఏడాది షారన్ లాలర్ బృందం ఎర్రకాళ్ల కప్ప మీద చేసిన పనిలో గంబూసియా ఉన్న చెరువుల్లో తోకకప్పలు అంతగా చావలేదు. కానీ గాయాలు ఎక్కువ. కప్పలుగా మారేసరికి వాటి బరువు 34 శాతం తక్కువ. తోక కొరికించుకున్న పిల్ల మేత మానేసి దాక్కోవడంలోనే పొద్దు గడుపుతుంది. బక్కగా ఒడ్డెక్కిన కప్ప మొదటి ఎండాకాలం దాటడమే కష్టం. నా బకెట్‌లో "బతికే ఉన్నాయి" అని రాసుకున్న పెద్ద పిల్లల గురించి నేను ఆలోచించింది దీనివల్లే. ఫారంలో బతికినవీ చచ్చినవీ అని రెండే గడులుంటే ఈ సంగతి ఎక్కడా ఎక్కదు.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఇంకా ముందుకెళ్లింది. అక్కడ ఉన్నది ఈ చేప అక్కచెల్లెలు, గంబూసియా హోల్‌బ్రూకీ. స్థానిక జీవుల్ని అది తినడాన్ని 1999లోనే చట్టం కింద ముఖ్యమైన ముప్పుగా నమోదు చేశారు. ముప్పు పొందిన వాటిలో కప్పలది పెద్ద వాటా. మన జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ కూడా ఈ రెండింటినీ పరాయి ఆక్రమణ జాతులుగానే లెక్కేసింది. ఇంకోపక్క 2023లో మన రాష్ట్రంలోనే కోటి గంబూసియాలు వదిలినట్టు పత్రికల్లో వచ్చింది. ఒక చేతి పని ఇంకో చేతికి తెలియకపోవడం మనకు కొత్త కాదు.

ఇక్కడ నాకు ఒక ఎదురు ప్రశ్న వచ్చింది, అదీ మా జీపు డ్రైవర్ నుంచే. "వచ్చే జూలైలో గెడ్డ పొంగితే ఈ చేపలు ఉంటాయా సార్, కొట్టుకుపోవూ?" మంచి ప్రశ్న. నిజానికి కొట్టుకుపోతాయి. గంబూసియా నిలకడ నీటి చేప, వరదలో ఈదడం చేతకాదు. అరిజోనా ఎడారి వాగుల్లో గ్యారీ మెఫీ 1984లో చూపించింది ఇదే: హఠాత్తుగా వచ్చే వరదల్లో గంబూసియా కొట్టుకుపోతే, అక్కడి స్థానిక చిన్న చేప టాప్‌మిన్నో మాత్రం ఒడ్డు పట్టుకుని నిలబడింది. అందుకే వరదలొచ్చే వాగుల్లో టాప్‌మిన్నో ఇంకా బతికి ఉంది. శాంటా మోనికాలోనూ 1995 వానలకు ఒక వాగులోంచి క్రేఫిష్ కొట్టుకుపోయింది, వెంటనే న్యూట్ గుడ్లు, పిల్లలు మళ్లీ కనబడ్డాయి. వాగు తనను తాను కడుక్కుంటుంది.

కాకపోతే మన గెడ్డ ఇప్పుడు వట్టి గెడ్డ కాదు. కింద అర కిలోమీటరు దూరంలో చెక్‌డ్యామ్ ఉంది. కొట్టుకుపోయిన చేప ఆగేది అక్కడే. వరద తగ్గాక అక్కడి నుంచి పక్క కాలవలోకి, పొలంలోకి. ఇంకో మాట: గెడ్డ పొంగేది ఏటా కొన్ని వారాలు. మిగతా నెలల్లో ధార సన్నబడి మడుగులు విడివిడిగా మిగులుతాయి. వెనక వానలకు పుట్టిన తోకకప్పలు, చేపలు ఒకే గుంటలో ఇరుక్కునేది అప్పుడే. పరిగెలున్న మడుగులో మన కప్పలు తరతరాలుగా నెగ్గుకొస్తున్నాయి, ఎందుకంటే వాటి పిల్లలు ఆ వేలెడు లోతు ఒడ్డున, పరిగె రాలేని చోట పెరుగుతాయి. గంబూసియా పిల్లలకు కావలసింది సరిగ్గా అలాంటి వెచ్చని, లోతులేని అంచే.

వేశాక తీసేయొచ్చు కదా అని కూడా అడుగుతారు. ట్రౌట్ అయితే కొంత వీలైంది. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లో, చేపలే లేని ఎత్తయిన సరస్సుల్లో, గాలం సరదా కోసం ట్రౌట్ పిల్లల్ని ముందు కంచరగాడిదల మీద, తర్వాత విమానాల్లోంచి వదిలారు. పసుపుకాళ్ల కప్ప అక్కడ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. దాని తోకకప్ప కప్పగా మారడానికి ఏళ్లు పడుతుంది, అన్నేళ్లూ చేప కంట పడకుండా ఉండాలి మరి. వాన్స్ వ్రెడెన్‌బర్గ్, రోలాండ్ నాప్ లాంటివాళ్లు గిల్‌నెట్లతో ట్రౌట్‌ని పట్టేసిన సరస్సుల్లో కప్పలు కొద్ది ఏళ్లలోనే ఎగబాకాయి. యోసెమిటీలో ఇరవై ఏళ్లపాటు చేసిన 7,000కు పైగా సర్వేల్లో కప్పల సంఖ్య ఏడు రెట్లు పెరిగిందని 2016లో లెక్క తేలింది. ట్రౌట్ వేయడం మానేయడం అందుకు ఒక కారణం, శిలీంధ్ర వ్యాధిని కప్పలు కొంత తట్టుకోవడం ఇంకో కారణం అన్నారు. అయితే ట్రౌట్ అరచేతికి మించిన చేప, వలకు తగులుతుంది. గంబూసియా పిల్ల దోమతెర కన్నంలోంచి దూరిపోయేంత ఉంటుంది. రోటెనోన్ లాంటి మందు కొడితే చేపలు చస్తాయి, మొప్పలతో ఊపిరి పీల్చే తోకకప్పలూ చస్తాయి. ఒక్క సూడిచేప మిగిలితే మళ్లీ మొదటికొస్తుంది.

ఇంతా ఆలోచించి గెడ్డలో వేయలేదు. జ్వరాలు మాత్రం ఆగి వినవు కదా. టెన్షన్ అంతా అక్కడే. నేను కప్పల్ని కాపాడానని చెప్పుకునేలోగా ఒక పిల్లాడికి సెరిబ్రల్ మలేరియా (మెదడుకెక్కే మలేరియా) వస్తే ఆ మాట ఎవరికి చెప్పాలి? అందుకని ఆ వారం మిగతా పనులన్నీ రెట్టింపు పట్టుదలతో చేశాం. ఇంటింటికీ జ్వరం సర్వే, పాజిటివ్ వచ్చినవాళ్లకు దగ్గరుండి మాత్రలు మింగించడం. పిచికారీ తప్పిన గదులు వెతికి మళ్లీ కొట్టించడం (పంట ధాన్యం ఉన్న గదిలోకి మందు రానివ్వరు, దోమ గోడ మీద వాలేది ఆ గదిలోనే). మూటల్లో దాచిన దోమతెరలు బయటికి తీయించి కట్టించడం. అసలు ఒడ్డు పని కూలివాళ్లతో రెండు రోజులు పట్టింది: ఇళ్లకు దగ్గరగా ఉన్న మేర గడ్డి చెక్కించాం, ఊట చెమర్చే చోట సన్న కాలవ తీసి నీటిని ధారలోకి కలిపాం, గిట్టల గుంతలు పూడ్చాం. దూరంగా ఉన్న ఒడ్డు ముట్టుకోలేదు. తోకకప్పలు ఎక్కువగా ఉన్నది అక్కడే.

తెచ్చిన చేపల్లో కొన్ని ఊరి నడుమ వాడని బావిలో వేశాం, నీటి వెడల్పు మీటరుకు ఐదు నుంచి పది చొప్పున. ఆ బావికి ఎటూ దారి లేదు. మిగతావి వెనక్కి. ఫొటో అడిగితే బావి ఫొటో పెట్టాను. పై ఆఫీసులో ఒకాయన "గెడ్డది ఏదీ?" అన్నాడు. డిప్పర్ లెక్కలు పంపాను, మధ్యలో సున్నాలు, ఒడ్డున అంకెలు. దానికి జవాబు రాలేదు. మెమో కూడా రాలేదు.

జ్వరాలు తర్వాత తగ్గాయి. మేం చేసిన పనుల్లో దేనివల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేను. చలి ముదిరితే ఎలాగూ దోమ తగ్గుతుంది.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. రెండేళ్ల తర్వాత ఏప్రిల్‌లో అదే దారిన వెళ్తూ కింది చెక్‌డ్యామ్ దగ్గర ఆగాను. మడుగు అంచున సన్న చేపల గుంపు, నోళ్లు పైకి. చేత్తో తీసి చూశాను. గంబూసియానే. నేను వేయలేదు. మా బావిలోవి రావడానికి దారీ లేదు. పక్క ఊళ్లో ఎవరో ఏదో కార్యక్రమంలో వదిలి ఉండాలి. నా రెండు రోజుల పట్టుదలకు విలువ ఇంతేనా అని ఆ గట్టు మీద కూర్చుని కాసేపు ఉక్రోషపడ్డాను.

కనబడింది ఎండాకాలంలో కావడం ఒక్కటే అదృష్టం. చెక్‌డ్యామ్‌లో నీళ్లు మోకాలి లోతు. ఊరివాళ్లను అడిగి తూము తెరిచాం. బయటికి పోయే నీటికి అడ్డంగా దోమతెర గుడ్డ రెండు మడతలు వేసి కట్టాం. మిగిలిన బురదగుంటల్లో పిల్లలు చీరకొంగులతోనూ, తట్టలతోనూ దేవారు. పరిగెల్ని, తోకకప్పల్ని ఏరి పై మడుగులోకి మార్చాం, ఒక్కొక్కటీ చూసి మరీ. సూడిచేప ఒక్కటీ వాటిలో కలవకూడదని ఆశా వర్కర్ పక్కనే నిలబడి కేకలేస్తూనే ఉంది. గుంటలు పూర్తిగా ఎండేదాకా తూము మూయలేదు. చేపల్ని గట్టు మీద ఆరబోస్తే కాకులు వచ్చాయి.

ఆ పెద్దాయన మళ్లీ వచ్చి చూశాడు. "అప్పుడు తెచ్చి వెనక్కి పట్టుకెళ్లావు, ఇప్పుడు ఉన్నవాటిని తీయిస్తున్నావు. నీకు వీటితో ఏం పేచీ బాబూ?" అన్నాడు.

ఆ తర్వాతి అక్టోబరులో పై మడుగు నుంచి చెక్‌డ్యామ్ దాకా ఒడ్డు వెంట నడిచాను. గంబూసియా కనబడలేదు. ఒక ఏడాది కనబడకపోతే పోయినట్టు కాదు, మడుగు మూల ఒకటి మిగిలినా చాలు. చేపల పంపిణీ రిజిస్టర్‌లో ఇప్పుడు "వదిలిన చోటు" పక్కన ఇంకో గడి చేత్తో గీస్తున్నాను: ఈ నీళ్లు ఎటు పోతాయి? అచ్చు రిజిస్టర్‌లో ఆ గడి ఇంకా రాలేదు. వచ్చే ఏప్రిల్‌లో, నీళ్లు మోకాలి లోతుకు దిగాక, చెక్‌డ్యామ్ మళ్లీ చూడాలి.